ఎనిమిదికి పదకొండు

రుక్మిణి కాన్పుకని పుట్టింటికి వచ్చి వారం తిరగకముందే వాకిట్లో పాడైపోయిన ఫ్యాన్లు పోగుపడ్డాయి.

తప్పు తండ్రి మంగీలాల్‌ది. బెంగళూరులో బిడ్డ ఏం కొలువు చేస్తుందని తల్లాడ బస్టాండులో ఎవరు అడిగినా "ఫ్యాన్లు తయారుచేస్తది" అని చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. విమానాలకు జెట్ ఇంజన్లు రూపొందించే ప్రభుత్వ లేబొరేటరీలో రుక్మిణి ఇంజనీరు. ఆమె పనిచేసేది ఫ్యాన్ విభాగంలోనే. ఇంజన్ మూతి దగ్గర తిరుగుతూ గాలిని లోపలికి గుంజి వెనక్కి నెట్టే పెద్ద రెక్కల చక్రాన్ని అక్కడ ఫ్యాన్ అంటారు. వాళ్ల లంబాడా తండాలో మాత్రం ఫ్యాన్ అంటే స్విచ్చి వేస్తే ఉక్కపోత తగ్గించేదే. అందుకని నిండు నెలల పిల్లను పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు చంకలో ఒక టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టుకొచ్చారు.

"మూడు నెలలాయె తిరగక. జర చూడు బిడ్డా," అంది వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ.

"నాకు గివి బాగుచేసుడు రాదు పెద్దమ్మా. లోపల తీగచుట్ట కాలినట్టుంది. తల్లాడల మెకానిక్‌కు ఇయ్యి."

"మరి గవర్నమెంటోళ్లు నీకు జీతం ఎందుకిస్తున్నరు?"

రుక్మిణి పొట్ట పట్టుకుని నవ్వింది. తల్లి గోరి కూడా నవ్వింది గాని, ఆమె కూడా జవాబు కోసమే చూస్తోందని రుక్మిణికి అర్థమైంది.

జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఖమ్మం హాస్టల్లో చదివి, వరంగల్లులో ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఆ లేబొరేటరీలో చేరి ఆరేళ్లయింది. తిరిగే చక్రం వెనక కదలకుండా నిలబడే రేకుల వరుస ఒకటి ఉంటుంది. చక్రం నుంచి గాలి సుడి తిరుగుతూ వస్తే దాన్ని చక్కబెట్టి తిన్నగా వెనక్కి పంపడం ఆ రేకుల పని. అవి ఎన్ని ఉండాలి, ఎంత వంపు ఉండాలి, చక్రానికి ఎంత ఎడంగా నిలబడాలి, ఇదీ రుక్మిణి పని. ఆరేళ్లుగా లెక్కలు కట్టింది, గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. పరీక్షించే యంత్రం ఇంకా కట్టడం పూర్తి కాలేదు. తాను గీసినది తిరిగే చక్రం వెనక నిలబడి పనిచేయగా ఆమె ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి మొహమాటపడి, "విమానానికి గాలి పెట్టే ఫ్యాన్లమ్మా" అని ఊరుకునేది.

అది 1988 చలికాలం. ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమంగా దవాఖానా నుంచి ఇంటికొచ్చారు. భర్త రాంచందర్ వచ్చి, బిడ్డను ఎత్తుకుని, బ్యాంకులో సెలవు దొరకక మళ్లీ బెంగళూరు వెళ్లిపోయాడు. పొలాల్లో కోతలు అయిపోయాయి. అప్పుడు మొదలైంది ఆ చప్పుడు.

కల్లూరు రోడ్డు మీద, తండాకు కూతవేటు దూరంలో చెంచురామయ్య గారి రైసుమిల్లు ఉంది. ఆయన తండ్రి కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. ఆ యేడు ఆయన ఉప్పుడు బియ్యం కోసం కొత్తగా డ్రయ్యర్ కట్టించాడు. ఉడికించిన వడ్లను పెద్ద గదిలో పోసి, పొయ్యి మీదుగా వేడెక్కిన గాలిని అడుగు నుంచి తోస్తారు. గాలి తోసేందుకు ఇనుప గొట్టంలో మనిషి భుజాల ఎత్తున్న ఫ్యాన్ బిగించారు. అది తిరగడం మొదలుపెడితే ఎవరో ఊపిరి తిప్పుకోకుండా శంఖం ఊదుతున్నట్టు ఒకటే మోత. పొద్దున మొదలై చీకటి పడేదాకా. పాప కన్ను మూస్తే ఒట్టు. గేదెలు బెదిరి పాలు సరిగ్గా చేపడం లేదని తండాలో గొడవ. పెద్దమనుషులు నలుగురు కలిసి మిల్లుకు వెళ్లి చెప్పారు. "మిల్లన్నాక చప్పుడు చెయ్యదా? సీజన్ అయిపోగానే ఆగిపోతుందిలే," అని చెంచురామయ్య టీ తాగించి పంపేశాడు.

పాపను ఒళ్లో ఊపుతూ రుక్మిణి ఆ మోతను విన్నది. విన్నకొద్దీ ఆమెకు చిరాకు పోయి కుతూహలం కలిగింది. మిల్లు చప్పుడంటే గరగర, దడదడ, అన్నీ కలగలిపి ఉంటాయి. ఇది అలా లేదు. హార్మోనియం మీద ఒకే మెట్టు నొక్కి పట్టినట్టు ఒకే స్వరం. కరెంటు తగ్గి మోటారు నెమ్మదిస్తే స్వరం కిందికి జారుతోంది, మళ్లీ అందుకుంటే పైకి వస్తోంది. ఇలాంటి స్వరం గురించి ఆమె లేబొరేటరీలో చదివింది, దాన్ని తప్పించడానికి లెక్కలు కూడా కట్టింది. చెవులతో వినడం మాత్రం ఇదే మొదలు.

"బాపూ, నన్ను మిల్లు కాడికి తీస్కపో," అంది తండ్రితో.

"ఎందుకు బిడ్డా? మేం పోయి చెప్పినం గద. సావుకారు ఇనడు."

"నేను అడిగేటందుకు కాదు. చూసేటందుకు."

పాపను గోరికి అప్పగించి ఇద్దరూ వెళ్లారు. చెంచురామయ్య మిల్లు వసారాలో కుర్చీ వేసుకుని వడ్లు నలిపి చూస్తున్నాడు. రుక్మిణిని చూడగానే గుర్తుపట్టాడు.

"నువ్వేనా అమ్మాయ్, ఫ్యాన్ల కంపెనీలో చేసేది? మా ఇంట్లో సీలింగ్ ఫ్యానొకటి కిర్రుమంటంది, చూసి పెడుదువుగాని."

"అది నాతోని కాదు సార్. మీ డ్రయ్యర్ ఫ్యాన్ ఒక్కసారి ఆపి చూపిస్తరా?"

కొత్త యంత్రం చూస్తామంటే ఏ మిల్లు యజమానికి ఇష్టం ఉండదు? ఆయన ఆపించి, దగ్గరుండి, గొట్టం మూత తీయించి చూపించాడు. రుక్మిణి వంగి చూసింది. తిరిగే రెక్కలు ఎనిమిది. వాటికి ఆనుకున్నట్టుగా వెనకే నిలబడ్డ రేకులు ఎనిమిది.

"గిట్ల ఎనిమిదికి ఎనిమిది ఎవరు పెట్టమన్నరు సార్?"

"నేనే! విజయవాడలో ఒకతనితో చేయించా. వాడు వెనక ఎన్ని పెట్టమంటారని అడిగాడు. ముందెన్నో వెనకన్నీ పెట్టు, జోడు కుదిరి చూడ్డానికి అందంగా ఉంటదన్నా. ఏం, బాలేదా?"

"అందంగ ఉంది. చప్పుడు కూడ అందుకే."

ఆమె పక్కనున్న సుద్దముక్క తీసుకుని సిమెంటు నేల మీద గీసి చూపించింది. వాగులో బండ వెనక నీళ్లు ఎలా మందగిస్తాయో, తిరిగే ప్రతి రెక్క వెనకా గాలి అలా మందగించి చారలాగా వస్తుంది. ఆ చార నిలబడ్డ రేకుకు తగిలినప్పుడల్లా ఒక దెబ్బ. రెక్కలు ఎనిమిది, రేకులు ఎనిమిది అయితే ఎనిమిది దెబ్బలూ ఒక్క క్షణంలో పడతాయి.

"ఒక్క రోట్ల ఎనిమిది మంది ఒకటేసారి రోకళ్లు ఏస్తే ఎట్లుంటది సార్? ఊరంత అదురుతది. అదే ఒకరి తర్వాత ఒకరు ఏస్తే గంత మోత రాదు. ఎనకాల రేకులు పదకొండు పెడితే దెబ్బలు ఒకదాని ఎనక ఒకటి పడి, ఒకదాన్నొకటి మింగుతయి. ఇంకోటి, రేకుల్ని జానెడు ఎనక్కి జరపాలె. గంత దూరం పోయేసరికి చార పలచబడతది."

"విమానాల్లో అట్లా పెడతారా?"

"అవ్. ముందూ ఎనకా లెక్క ఎన్నడూ కలవనియ్యం."

చెంచురామయ్య గడ్డం గోక్కున్నాడు. "బానే ఉందమ్మా, కానీ ఇప్పుడు విప్పదీస్తే ఉడికిన వడ్లు ఏం కావాలి? వాసన కొట్టిపోతాయి. సీజన్ అయ్యాక చూద్దాం."

మిల్లు వెనకే వాళ్ల ఇల్లు. మాటలు విని ఆయన భార్య సుశీలమ్మ గుమ్మంలోకి వచ్చింది. తలకు తడిగుడ్డ కట్టుకుని ఉంది.

"సీజన్ అయ్యేదాకా నేనుండను. ఈ మోతకు నా తల రెండు చెక్కలవుతంది. ఆ పిల్ల చెప్పినట్టు చేయించండి, లేకపోతే కల్లూరులో మా చెల్లెలింటికి పోయి కూర్చుంటా. మీరూ మీ ఫ్యానూ వండుకు తినండి."

చెంచురామయ్య భార్య వైపూ, రుక్మిణి వైపూ చూసి, "అమావాస్యకి మిల్లు ఎటూ ఆపుతాం. ఆ ఒక్కరోజే ఇస్తా," అన్నాడు.

అమావాస్యనాడు కల్లూరు నుంచి వెల్డరు గోపాలు వచ్చాడు. మాట తక్కువ, చెయ్యి చురుకు. రుక్మిణి రేకు మీద సుద్దతో గీసింది, గోపాలు కత్తిరించి వంచాడు. మధ్యలో రెండుసార్లు ఇంటికి వెళ్లి పాపకు పాలిచ్చి వచ్చింది. సాయంత్రానికి పదకొండు రేకులూ గుండ్రంగా నిలబడ్డాయి. మోటారు ఆన్ చేశారు. చక్రం వేగం అందుకుంది. హోరుమని గాలి చప్పుడు తప్ప, ఆ శంఖం లేదు.

సుశీలమ్మ తలగుడ్డ విప్పేసింది. మంగీలాల్ రోడ్డు మీదికి పరుగెత్తి, తండా వైపు తిరిగి రెండు చేతులూ ఊపాడు. ఇంటికి వెళ్లేసరికి పాప నిద్రపోతోంది. "నీ చదువు గిప్పటికి పనికొచ్చిందే," అని గోరి కూతురు తల నిమిరింది.

ఆ సంతోషం మరుసటి రోజు మధ్యాహ్నం దాకానే ఉంది. చెంచురామయ్య స్కూటరు మీద తానే తండాకు వచ్చాడు. గుప్పెట్లో వడ్లు.

"చూడమ్మాయ్. ఇంకా చెమ్మగా ఉన్నాయ్. మొన్నటిదాకా ఈపాటికి గలగలమనేవి. నీ పుణ్యమా అని చప్పుడు పోయింది, దాంతో పాటు గాలీ పోయింది."

మంగీలాల్ ముఖం చిన్నబోయింది. రుక్మిణి వడ్లను నోట్లో వేసుకుని కొరికింది. మెత్తగా నలిగాయి. పది మందీ చూస్తుండగా అంత నమ్మకంగా చెప్పింది, ఇప్పుడీ పరిస్థితి. ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరవకుండా నిలబడ్డాడు.

"నాకు రేపటిదాంక టైమియ్యండి సార్. తప్పు ఎక్కడుందో నేనే చూస్త."

ఆయన వెళ్లాక ఆమె పాపను పక్కలో వేసుకుని చాలాసేపు ఆలోచించింది. రేకుల వంపు తాను ఏ లెక్కతో పెట్టింది? లేబొరేటరీలో తెలిసిన లెక్కతో. అక్కడ రెక్కల్ని మొదళ్ల దగ్గర ఒకలా, కొసల దగ్గర ఒకలా మెలితిప్పి, నున్నగా చెక్కుతారు. ఆ చక్రం నుంచి వచ్చే గాలి ఏ దిక్కుకు పోతుందో ఆమెకు కంఠతా వచ్చు. మిల్లులోది ఇనుప రేకును వంచి అతికించిన రెక్క. దాని నుంచి గాలి ఎటు పోతోందో ఆమె చూడనే లేదు. గాలి ఒక దిక్కు నుంచి వస్తుంటే తన రేకులు ఇంకో దిక్కుకు మొహం పెట్టి నిలబడ్డాయి. ఎనిమిదున్నప్పుడు సందుల్లోంచి ఎలాగో పోయిన గాలి, పదకొండు అడ్డం నిలిచేసరికి ఉక్కిరిబిక్కిరైంది.

"యాడీ, మనింట్ల నూలు దారం ఉందా?" అని అడిగింది తల్లిని.

"ఎందుకే?"

"గాలి ఎటు పోతుందో చూడాలె."

గోరికి అర్థం కాలేదు గాని, లంగాలు కుట్టుకునే దారపు ఉండ తెచ్చి ఇచ్చింది. సన్నటి వెదురు బద్దకు బెత్తెడుకొకటి చొప్పున దారపు పోగులు కట్టుకుని రుక్మిణి మరునాడు మిల్లుకు వెళ్లింది. గోపాలును మళ్లీ పిలిపించి కొత్త రేకులు విప్పించి, గొట్టానికి ఒక చిన్న బెజ్జం, లోపలికి చూడటానికి ఇంకొకటి కొట్టించి, ఫ్యాన్ వేయించింది. బెజ్జంలోంచి బద్దను లోపలికి తోసింది.

గోపాలు ముందు చూసి, "అమ్మా, అన్నీ ఒక్క తీరుగ లేవు," అన్నాడు.

నిజమే. గొట్టం అంచు దగ్గర దారాలు కొంచెమే వాలి, దాదాపు తిన్నగా ఎగురుతున్నాయి. నడిమి ఇరుసు వైపు వెళ్లేకొద్దీ ఎక్కువెక్కువ వాలి, ఇరుసు పక్కన దారమైతే అడ్డంగా పడుకున్నట్టే ఉంది. రుక్మిణి అనుకున్నదానికి ఇది చాలా దూరం. ఒకే వంపు ఉన్న రేకు ఇక్కడ పనికిరాదు. లోపలి కొస ఎక్కువ తిరగాలి, బయటి కొస తక్కువ.

"ఒక్క రేకునే మెలితిప్పాలంటారా?" అన్నాడు గోపాలు.

"అవ్ అన్నా. వస్తదా?"

"బట్టలు పిండినట్టు పిండాలి. చూద్దాం."

మొదటి రేకు చీలింది. రెండోదాన్ని ఎర్రగా కాల్చి, పట్టకారుతో పట్టి తిప్పాడు. అది కుదిరింది. ఆమె దారాల వాలుకు సరిపోయేట్టు అట్టముక్క కత్తిరించి ఇస్తే, దానికి ఆనించి చూసుకుంటూ మిగతావి చేశాడు. సుశీలమ్మ ఇంట్లోంచి అందరికీ భోజనం పంపింది. చెంచురామయ్య అటూ ఇటూ తిరిగాడు, గడియారం చూసుకున్నాడు. చివరికి ఉండబట్టలేక తానే వచ్చి రేకు పట్టుకుని నిలబడ్డాడు. తెల్ల చొక్కా నిండా మసి.

బిగించి, మోటారు వేశారు.

చప్పుడు మొన్నటికంటే ఇంకా మెత్తగా ఉంది. డ్రయ్యర్ పైన తలుపు తీసి చెంచురామయ్య గుప్పెడు పొట్టు వదిలాడు. అది కిందికి రాలేదు, జువ్వలా లేచి మిల్లు పైకప్పుకు తగిలింది. ఆయన ఇంకో గుప్పెడు వదిలాడు. మళ్లీ ఇంకొకటి. పిల్లవాడిలా నవ్వుతూ నెత్తి నిండా పొట్టు పోసుకున్నాడు.

"ఏమేవ్ సుశీలా! ఇటు రా, చూద్దువుగాని!"

మరునాడు వడ్లు ఇంతకు ముందెన్నడూ లేనంత తొందరగా, మధ్యాహ్నం కాకముందే ఎండాయి. రుక్మిణి మాత్రం వడ్ల దగ్గరికి పోలేదు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. లోపల చక్రం, దాని వెనక తన రేకులు. తాను గీసినది, తాను కొలిచినది, తప్పు చేసి దిద్దుకున్నది. ఇనుము సన్నగా అదురుతూ చేతికి తెలుస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మంగీలాల్ చూసి కంగారుపడ్డాడు.

"ఏమైందే? బాగనే తిరుగుతుంది గద?"

"తిరుగుతుంది బాపూ. అందుకే."

ఇంకా పదిహేను రోజులు సెలవుంది. ఆ రోజుల్లో తండాకూ మిల్లుకూ రాకపోకలు పెరిగాయి. సుశీలమ్మ పాపను చూడటానికి కాటుక డబ్బా పట్టుకుని వచ్చి, గోరి చేత జొన్నరొట్టె చేయించుకుని తిన్నది. తలనొప్పి పోయాక ఆవిడ ఎంత మాటకారో తండాకు తెలిసింది. "పిల్లను బెంగళూరు తీసుకుపోయే ముందు ఒకసారి రాములవారికి చూపిద్దాం," అని ఆవిడే పర్ణశాల ప్రయాణం పెట్టింది.

తెల్లవారుతూనే మిల్లు జీపులో బయలుదేరారు. కొత్తగూడెం దాటాక అడవి. ఇప్పచెట్లు, టేకు చెట్లు, మంచు ఇంకా విడలేదు. భద్రాచలంలో దర్శనం చేసుకుని, దుమ్ముగూడెం మీదుగా పర్ణశాల చేరేసరికి ఎండ హాయిగా ఉంది. పాపను అక్కడ గుడి మెట్ల మీద పడుకోబెట్టి దండం పెట్టించారు. తర్వాత గోదావరి ఒడ్డున చాప పరచి సుశీలమ్మ పులిహోర, గోరి రొట్టెలు విప్పారు. ఇసుకలో కూర్చుని అందరూ ఒకే ఆకులోంచి తీసుకున్నట్టు అటూ ఇటూ పంచుకు తిన్నారు. మంగీలాల్, చెంచురామయ్య పక్కపక్కన కూర్చుని ఈసారి కాలువ నీళ్లు ఎంతవరకు వస్తాయో వాదించుకున్నారు.

తినడం అయ్యాక చెంచురామయ్య చేతులు కడుక్కుని వచ్చి రుక్మిణి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మాయ్, సత్తుపల్లిలో మా బావమరిది కూడా డ్రయ్యర్ కడతన్నాడు. ఇదే పదకొండు రేకుల లెక్క పంపిస్తే సరిపోద్దా?"

"సరిపోదు సార్. ఆయన ఫ్యాన్ రెక్కలు ఎట్లున్నయో ఏమో. ముందు దారాలు కట్టి కొలవాలె. గోపాలన్నకు వచ్చు గిప్పుడు. ఆయన్ని తీస్కపొమ్మనండి."

"మీ విమానం ఫ్యాన్‌కి కూడా దారాలే కడతారా?"

రుక్మిణికి తన లేబొరేటరీ గుర్తొచ్చింది. పరీక్షించే యంత్రం రాబోయే వేసవికి సిద్ధమవుతుందని అక్కడివాళ్లు చెప్పగా రాంచందర్ కబురు చేశాడు. అది సిద్ధం కాగానే చక్రం, రేకులు కలిపి ఒకేసారి తిప్పాలని తామంతా అనుకున్నారు. ముందు చక్రాన్ని ఒక్కదాన్నే తిప్పి, వెనక గాలి ఎటు పోతోందో కొలిచి, ఆ తర్వాతే రేకులకు ఆకారం ఖాయం చేద్దామని తాను గట్టిగా చెప్పాలి. ఆలస్యమవుతుందని గొణుగుతారు. ఒప్పించగలనని ఆమెకు అనిపించింది.

ఒప్పించింది కూడా. మరుసటి యేడు చక్రాన్ని ఒంటరిగా తిప్పినప్పుడు ఇరుసు దగ్గర గాలి, లెక్క చెప్పినదానికంటే కాస్త ఎక్కువే సుడి తిరిగింది. రేకుల మొదళ్లను ఆ మేరకు దిద్దారు. అవన్నీ తర్వాత సంగతులు.

"దారాలకంటె ఖరీదైనవి ఉన్నయి సార్," అంది ఆమె. "చేసే పని మాత్రం అదే."

పడవవాడు ఒడ్డు నుంచి కేకేశాడు. సుశీలమ్మకు నదిలో ఒక చుట్టు తిరగాలని కోరిక. గోరికి పడవంటే భయం, అయినా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగితే కాదనలేక ఎక్కి, రెండు అంచులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. పడవ కదలగానే ఆమె పెట్టిన కేకకు ఒడ్డున మగవాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. రుక్మిణి పాపను భుజాన వేసుకుని, తల్లికి కనిపించేలా నీళ్ల అంచుకు వచ్చి నిలబడింది.